బరంపురం ఉక్కపోతలో పదింటికే చొక్కా తడిసిపోతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: ఒడిశాలోని బరంపురంలో సేల్స్ ఉద్యోగం, రోజంతా బైక్ మీదే. పదింటికల్లా చొక్కా ముద్దవుతోంది. చంకల్లో వాసన, తెల్ల చొక్కాలకు పసుపు మరకలు, గజ్జల్లో దురద. డియో కొట్టినా లాభం లేదు.

జవాబు: ఎండాకాలం చిట్కాల్లో చాలామటుకు పొడి ఎండకు పనికొచ్చేవి. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటినా చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. బరంపురంలో అంత ఎండ ఉండదు గానీ, గోపాల్‌పూర్ సముద్రం వైపు నుంచి వీచే గాలి నిండా తేమే. చెమట ఆరదు. మీ బాధలన్నిటికీ మూలం ఒంటిమీద నిలిచిపోయే ఆ తడి.

డియో వాసన మీదే పనిచేస్తుంది, చెమట మీద కాదు. చెమట తగ్గాలంటే యాంటీపెర్‌స్పిరంట్ రోల్-ఆన్ కావాలి. లేబుల్ మీద అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి పేరు ఉందో లేదో చూసి కొనండి. అందరూ చేసే తప్పు, పొద్దున స్నానం చేసి తడి చంకలకే రాసేయడం. మందు పట్టేలోపే చెమట దాన్ని కడిగేస్తుంది. రాత్రి పడుకునే ముందు, చంకలు పూర్తిగా ఆరాక రాయండి. అప్పుడు చెమట తక్కువ కాబట్టి ఆ అల్యూమినియం లవణం చెమట రంధ్రాల్లో బిరడాలా కూర్చుంటుంది, పొద్దున స్నానానికి పోదు. చంకలో వెంట్రుకలు ట్రిమ్మర్‌తో కురచ చేస్తే చాలు. బ్లేడుతో గీసిన రోజు రాస్తే భగ్గుమంటుంది.

పసుపు మరక పడేది ఆ అల్యూమినియం, చెమట కలిసే. క్లోరిన్ బ్లీచ్ వేస్తే ఇంకా ముదురుతుంది. వంటసోడా 4 పెద్ద చెంచాలు, గోరువెచ్చని నీళ్ళు పావు కప్పు కలిపి మరక మీద రుద్ది, గంట ఉంచి ఉతకండి. మరక పోకముందే ఇస్త్రీ చేస్తే వేడికి అక్కడే పాతుకుపోతుంది.

చొక్కా నూటికి నూరుపాళ్ళు నూలుదే, కాస్త వదులుగా. లేత బూడిద రంగు తడిని ఊరందరికీ చాటుతుంది. తెలుపు, ముదురు నీలం, చిన్న ప్రింటు దాస్తాయి. చిక్కటి గంజి నేత సందుల్ని మూసేస్తుంది, పెట్టక తప్పదంటే పల్చగా పెట్టించండి. చేతుల్లేని బనియన్ చంక దగ్గర ఏమీ పీల్చదు. పొట్టి చేతులది వేసుకుని, బ్యాగులో ఇంకోటి ఉంచుకుని మధ్యాహ్నం మార్చండి.

ఇక దురద. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అంచు ఎర్రగా లేచి, మధ్యలో మామూలుగా ఉండి, చక్రంలా పాకుతుంటే అది తామర, అంటే ఫంగస్ జబ్బు. మెడికల్ షాపులో "దురదకు ఏదైనా ఇవ్వండి" అంటే చేతికొచ్చే ట్యూబుల్లో కొన్నింటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటాసాల్, బెటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. ఆపగానే మచ్చ ఇంకా వెడల్పై తిరిగొస్తుంది, వాడుతూపోతే చర్మం పల్చబడి చారలు పడతాయి. ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి, ఆ పేర్లుంటే అక్కడే తిరిగిచ్చేయండి. స్టెరాయిడ్ కలవని ఫంగస్ మందు, అంటే ఒట్టి క్లోట్రిమజోల్ క్రీమ్, రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా రాయాలి. మచ్చ మాయమయ్యాక కూడా రెండు వారాలు ఆపొద్దు. మూడు వారాలైనా లొంగకపోతే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చర్మం డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళూ మీతో పాటే వాడాలి, తువ్వాళ్ళు వేరువేరుగా ఉండాలి. గజ్జల్లో పౌడరు చల్లకండి, చెమటకు ఉండకట్టి ఒరుసుకుంటుంది. స్నానమయ్యాక రెండు నిమిషాలు ఫ్యాను కింద ఆరితే అంతకన్నా మేలు.

హెల్మెట్ కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుని రోజూ ఉతకండి. బూట్లు రెండు జతలు ఉంచుకుని రోజు విడిచి రోజు వేయండి. విప్పిన జతలో రాత్రి పాత న్యూస్‌పేపరు కుక్కితే తెల్లారేసరికి తడి చాలావరకు పీల్చేస్తుంది.