సబ్‌వూఫర్ కలిపితే బేస్ తగ్గుతోందా? – సమాధానం

కావలి తమ్ముడూ, ప్లైవుడ్‌తో చేసిన మడత హార్న్‌లు (ధ్వని దారి లోపల మడతలు పడి ఉండే స్పీకర్ పెట్టెలు) విడిగా బాగానే మోగుతున్నాయి, 12 అంగుళాల సబ్‌వూఫర్ కలపగానే 80 హెర్ట్జ్ దగ్గర బేస్ పడిపోతోంది అని రాశావు. టెన్షన్ పడకు, నీ పనితనంలో లోపం లేదు.

హార్న్ లోపలి దారి 2.1 మీటర్లు అన్నావు కదా. కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు భాగం) దగ్గర పుట్టిన ధ్వని హార్న్ మూతి దాకా రావడానికి సుమారు 6 మిల్లీసెకన్లు పడుతుంది. 80 హెర్ట్జ్‌లో ఒక పూర్తి అలకు పట్టేది 12.5 మిల్లీసెకన్లు. అంటే హార్న్ దాదాపు సగం అల వెనకబడింది. పక్కనున్న సబ్ గాలిని ముందుకు తోస్తుంటే హార్న్ వెనక్కి లాగుతోంది.

ఆంప్లిఫయర్ ఆపి, సబ్‌కి వెళ్లే ప్లస్, మైనస్ వైర్లు తారుమారు చెయ్యి. ఫోన్‌లో 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, నువ్వు కూర్చునే చోటే విను. ఒంగోలులో మా మేడగదిలో ఇలా మార్చగానే కిటికీ రెక్క గడగడలాడింది. డీఎస్‌పీ (ధ్వనిని డిజిటల్‌గా సరిచేసే పరికరం) ఉంటే ఇంకా మేలు: వైర్లు మామూలుగానే ఉంచి సబ్‌కి 6 మిల్లీసెకన్ల డిలే, అంటే ఆలస్యం, ఇవ్వు.

హార్న్‌కి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది శబ్దాల్ని ఆపే ఫిల్టర్) మాత్రం తప్పక పెట్టు. కటాఫ్ (హార్న్ పనిచేసే కింది హద్దు) కిందికి వెళ్తే కోన్‌కి గాలి ఆసరా ఉండదు, విపరీతంగా ఊగి కాయిల్ దెబ్బతింటుంది. అతుకుల దగ్గర వెలిగించిన అగరుబత్తి కూడా పట్టి చూడు. బేస్ కొట్టినప్పుడల్లా పొగ చెదిరితే అక్కడ లీకు ఉన్నట్టే.