గొంతుకి రోజూ 40 నిమిషాలు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పాటంటే ప్రాణం. చిన్నప్పుడు రెండేళ్లు సంగీతం నేర్చుకుని మానేసింది. ఈమధ్య ఒక టీవీ పోటీ సెలక్షన్స్‌కి వెళ్తే రెండో రౌండ్‌లో ఆపేశారు. శ్రుతి జారుతోందట, ఊపిరి చాలడం లేదట. అప్పటి నుంచి రోజూ రాత్రి తలుపేసుకుని రెండు గంటలు కరోకే పాడుతోంది. తెల్లారేసరికి గొంతు బొంగురు. అసలు రోజుకి ఎన్ని గంటలు సాధన చెయ్యాలి? ఈ దారిలో వెళ్తే చదువు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, ముందు ఆ రాత్రి పాట ఆపించండి. అమ్మాయి కష్టపడుతోంది, నిజమే. కానీ ఆ కష్టంతో గొంతు అరుగుతోంది తప్ప పదును తేలడం లేదు.

కరోకే ట్రాకులు చాలావరకు అసలు గాయకులు పాడిన శ్రుతిలోనే ఉంటాయి. మగవాళ్ల పాటైతే ఆడపిల్ల గొంతుకి మరీ కిందనో, పై స్థాయిలో ఎత్తుకుంటే మరీ పైనో పడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో మ్యూజిక్ గట్టిగా మోగుతుంటే తెలియకుండానే మనమూ గొంతు పెంచుతాం. పైగా యాప్‌లో ఎకో ఒకటి. చిన్న చిన్న అపస్వరాలు దాని కింద దాక్కుంటాయి. సెలక్షన్స్‌లో చాలాచోట్ల ట్రాక్ లేకుండా పాడమంటారు. ఇన్నాళ్లూ ట్రాక్ చెయ్యి పట్టుకుని నడిచిన గొంతుకి అక్కడ ఆసరా ఉండదు. పల్లవిలో ఎత్తుకున్న శ్రుతి చరణానికి వచ్చేసరికి కిందికి దిగిపోతుంది. మీ అమ్మాయికీ ఇదే జరిగి ఉండొచ్చు. అలాంటి జారుడు సాధనతో సర్దుకుంటుంది. దీన్ని చూసి పిల్లలో ప్రతిభ లేదని మాత్రం అనుకోకండి.

ఎన్ని గంటలు అని అడిగారు. ఇంటర్ చదివే పిల్లకి పొద్దున 40 నిమిషాలు, సాయంత్రం 15 నిమిషాలు చాలు, కాకపోతే రోజూ చెయ్యాలి. వారమంతా వదిలేసి ఆదివారం మూడు గంటలు పాడితే గొంతు అలుస్తుంది, నిలకడ రాదు.

లేచీ లేవగానే గొంతెత్తకూడదు. ముఖం కడుక్కుని, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు తాగి, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాక కూర్చోమనండి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకోవాలి. ఆడపిల్లలకి సాధారణంగా నాలుగు నుంచి ఆరు లోపు శ్రుతి (గొంతు ఎత్తుని చెప్పే అంకెలివి) సరిపోతుంది. మీ అమ్మాయికి ఏది కుదురుతుందో ఒక గురువు విని చెప్పాలి. ఆ తర్వాత మీ అంతట మీరు మార్చకండి. మొదటి 5 నిమిషాలు నోరు మూసుకుని ‘మ్’ అంటూ తంబూరాలో కలవడమే. పెదాల దగ్గర సన్నగా అదురు తెలియాలి.

తర్వాత 10 నిమిషాలు మంద్ర స్థాయి, అంటే కింది స్వరాలు. షడ్జం (సా) నుంచి ని, ద, ప దాకా ఒక్కో మెట్టూ దిగుతూ, ఒక్కో స్వరాన్నీ ఒక ఊపిరిలో నిలపాలి. పిల్లలు అన్నిటికంటే ముందు మానేసేది దీన్నే, విసుగని. దయచేసి దీన్ని మాత్రం మాననివ్వకండి. ఊపిరి ఎక్కడ తగ్గుతోందో, స్వరం ఎక్కడ వణుకుతోందో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు. గాలి పీల్చినప్పుడు భుజాలు లేవకూడదు, పొట్ట, పక్కటెముకలు విచ్చుకోవాలి. ‘సా’ వణుకు లేకుండా ఎన్ని సెకన్లు నిలిచిందో రోజూ నోట్‌బుక్‌లో రాసుకోమనండి. వణుకు మొదలైన చోటే లెక్క ఆపెయ్యాలి.

మిగిలిన 25 నిమిషాలు మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. మూడు కాలాల్లో (వేగాల్లో), ఒకసారి స్వరంతో, ఒకసారి ‘ఆ’ అంటూ అకారంతో. ఇవన్నీ చిన్నప్పుడే అయిపోయాయి కదా అంటుంది. అనుభవమున్న విద్వాంసులు కూడా వీటి దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తారు. ఆ రాగంలో స రి గ మల మధ్య ఎడం ఎలా ఉంటుందో ప ద ని సల మధ్యా అలాగే ఉంటుంది. కింద సరిగ్గా పట్టుకున్న చెవి పైన తప్పిపోతే వెంటనే కనిపెడుతుంది.

సాయంత్రం 15 నిమిషాలు పాటకి. పాటంతా వద్దు, ఒక్క లైను చాలు. తంబూరా మీద పాడి, రికార్డు చేసి, విని, మళ్లీ పాడాలి. కరోకే శనివారానికి ఉంచండి. ట్రాక్ శ్రుతిని తన గొంతుకి తగ్గట్టు మార్చుకుని, ఒక చెవి ఖాళీగా వదిలి పాడమనండి.

మిరియాల పాలు హాయిగానే ఉంటాయి, కానీ అవి దిగేది ఆహార నాళంలోకి, స్వర తంత్రులను తాకవు. అసలు మందు విశ్రాంతి, రోజంతా తాగే నీళ్లు. గొంతు బొంగురుగా ఉన్న రోజు సాధన మానెయ్యాలి. గుసగుసగా మాట్లాడినా గొంతుకి శ్రమే. పాట ఆపాక కూడా రెండు వారాల్లో బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. స్వర తంత్రుల మీద కాయల్లాంటివి ఏర్పడితే త్వరగా పట్టుకోవడం ముఖ్యం.

ఇక చదువు. ఇప్పుడు ఎంపీసీ మాన్పించాల్సిన అవసరం లేదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కూడా గాయకుడు కాకముందు ఇంజినీరింగ్‌లో చేరినవారే. అలాగని పాటని సరదాగా తీసిపారేయకండి. మీ జిల్లాలోనే విజయనగరం సంగీత కళాశాల ఉంది. 1919లో మొదలైంది, తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఘంటసాల చదివింది అక్కడే. బొబ్బిలి నుంచి రోజూ వెళ్లి రావడం కష్టమే. అందుకే ఇంటర్ అయ్యేదాకా ఊళ్లోనే ఒక గురువు దగ్గర వారానికి రెండు పాఠాలు చెప్పించి, ఆ తర్వాత సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల్లో చేరే సంగతి ఆలోచించండి. సంగీతం టీచరుగా స్థిరపడాలంటే ఆ కాగితాలు పనికొస్తాయి. ఆకాశవాణి ఆడిషన్ ఇంకో మంచి మెట్టు. అక్కడ బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులిస్తారు. నా మట్టుకు నేను టీవీ పోటీ కంటే దానికే ఎక్కువ విలువిస్తాను.

అమ్మాయి గొంతు తేటపడగానే, పోటీలో పాడిన ఆ పాటనే ట్రాక్ లేకుండా పాడించి రికార్డు చేసి, తేదీ వేసి దాచండి. మూడు నెలల సాధన తర్వాత అదే పాట మళ్లీ రికార్డు చేసి, ఆ రెండూ, ఆ నోట్‌బుక్కూ గురువుగారి ముందు పెట్టండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి, కోర్సు సంగతి అప్పుడు తేల్చుకుందాం.