ఆ శీర్షిక తీసెయ్, అమ్మాయీ

అమ్మాయీ,

నీ వ్యాసం నిదానంగా చదివాను. భాష బాగుంది. బాగా తవ్వావని కూడా తెలుస్తోంది. కానీ "స్కిజోఫ్రీనియా ఉంటే క్యాన్సర్ రాదా?" అన్న ఆ శీర్షిక తీసెయ్. దాంతోపాటు మొదటి సగం కూడా పోతుంది, నాకు తెలుసు. పోనీ.

లేని మాటలు వినిపించి, లేని అనుమానాలు నిజమనిపించే ఆ మానసిక జబ్బు గురించిన ఈ ప్రశ్న నీకు గాల్లోంచి దొరకలేదులే. 1909లోనే ఇంగ్లండ్, వేల్స్‌లలో మానసిక చికిత్సాలయాలను పర్యవేక్షించే కమిషనర్లు అక్కడి రోగుల్లో క్యాన్సర్ తక్కువగా ఉన్నట్టుందని అన్నారు. అప్పటినుంచి ఆ మాట పోలేదు. జన్యువుల్లో ఏదో రక్షణ ఉందని కొందరు, మందులే కణితిని అడ్డుకుంటున్నాయేమోనని కొందరు వాదిస్తూ వచ్చారు. నువ్వు ఆ వాదాలన్నీ వరసగా పెట్టావు. ఒక్క ప్రశ్న మాత్రం వేయలేదు: ఆ కాలపు రోగులు ఎంత వయసుకు చనిపోయేవారు? క్షయతోనో ఇంకో ఇన్‌ఫెక్షన్‌తోనో ముందే పోయిన మనిషికి క్యాన్సర్ వచ్చే వయసే రాదు. వచ్చినా, వెతికేవాళ్లు లేకపోతే లెక్కలోకి ఎక్కదు. ఎక్కడైనా "తక్కువ" అన్న మాట కనపడగానే, తక్కువగా వస్తోందా, తక్కువగా వెతుకుతున్నారా అని నిన్ను నువ్వు అడుగు.

ఫిన్లాండ్ అధ్యయనాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే అక్కడే ఆగాలనిపించింది. 2001లో వచ్చిన ఆ లెక్కల్లో స్కిజోఫ్రీనియా ఉన్న దాదాపు 27 వేల మందినే కాక, వాళ్ల తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కూడా చూశారు. రోగుల్లో క్యాన్సర్ మామూలు జనం కంటే 17 శాతం ఎక్కువ. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో మాత్రం పదోవంతు దాకా తక్కువ! అంటే కుటుంబంలో నిజంగానే ఏదో చిన్న రక్షణ ఉండి ఉండొచ్చు. ఉన్నా, ఆ జబ్బుతో బతికే బతుకు దాన్ని తినేసి, పైన ఇంకా అప్పు పెడుతోంది. రోగుల్లో ఎక్కువైన క్యాన్సర్లలో దాదాపు సగం ఊపిరితిత్తులవే అంటే ఆ బతుకులో ఏముందో వేరే చెప్పాలా? పొగ.

క్యాన్సర్ మొత్తాన్నీ ఒకే ముద్దగా రాయకు. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ కొంత ఎక్కువని పలు అధ్యయనాలు కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. మగవాళ్లకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్, చర్మానికి వచ్చే మెలనోమా చాలా చోట్ల తక్కువగా తేలాయి. అన్నీ కలిపి సగటు తీస్తే పెద్దగా తేడా లేదనిపిస్తుంది. ఆ సగటు ఎవరికీ పనికిరాదు.

ఇప్పుడు నీ వ్యాసం అసలు ఎక్కడ మొదలవ్వాలో చెబుతాను. పశ్చిమ ఆస్ట్రేలియా లెక్కలు 2013లో వచ్చాయి. అవి స్కిజోఫ్రీనియా ఒక్కదాని గురించి కావు, మానసిక వైద్యం పొందిన వాళ్లందరి గురించి. ఆ తేడా నీ పాఠకుడికి తప్పకుండా చెప్పు. వాళ్లలో క్యాన్సర్ రావడం మిగతా జనం కంటే ఎక్కువేమీ లేదు, కాస్త తక్కువే. క్యాన్సర్‌తో చనిపోవడం మాత్రం ఎక్కువ: ఆడవాళ్లలో సుమారు 30 శాతం, మగవాళ్లలో 50 శాతం. సరే, ఆలస్యంగా కనిపెట్టారు కాబట్టి అంటావు. కనిపెట్టే నాటికే వేరే అవయవాలకు పాకినవి వీళ్లలో 7.1 శాతం, మిగతావాళ్లలో 6.1 శాతం. తేడా ఉంది, కానీ ఒక్క శాతం. అంత పెద్ద మరణాల తేడాను ఈ ఒక్క శాతం మోయలేదు. మరి మిగతాది ఎక్కడ పోయింది? వీళ్లకు ఆపరేషన్లు తక్కువ జరిగాయి. కొన్ని క్యాన్సర్లకు రేడియేషన్ తక్కువ అందింది. కీమో విడతలు తక్కువ. జబ్బు బయటపడ్డాక కూడా, ఆసుపత్రి లోపలే, మనిషి జారిపోతున్నాడు. నీ కథ ఇది. మిగతాదంతా దీనికి ముందుమాట.

ఇంత మాటనీ శాతాలతో చెబితే చదివి మర్చిపోతారు. ఒక మనిషిని ఊహించుకో. యాభై దాటాయి. ఇరవై ఏళ్లుగా మందులు వాడుతున్నాడు. ఈ మధ్య డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా, "కడుపులో వైరు పెట్టారు సార్, రాత్రిళ్లు కరెంటు వదులుతున్నారు" అంటున్నాడు. డాక్టర్ ఆ మాట ఫైల్లో రాసుకుని డోసు పెంచాడు. రాత్రిళ్లు, కడుపులో, అదే చోట అన్న సంగతి ఫైలుకు ఎక్కలేదు. తిండిలో ఏదో కలుపుతున్నారని అనుమానపడి సరిగ్గా తినట్లేదని ఇంట్లోవాళ్లు చెప్పారు, బరువు తగ్గడానికి కారణం దొరికిపోయింది. అతని బెల్టుకు కంపెనీ వేసిన రంధ్రాలు చాలక మేకుతో పొడిచిన రంధ్రాలు రెండున్నాయి. వాటిని ఎవరూ చూడలేదు. ఆ రెండో రంధ్రం దగ్గర నీ పేరా మొదలుపెట్టు.

అలా అని డాక్టర్‌ని దుర్మార్గుణ్ణి చెయ్యకు. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉంటారు. పైగా భ్రమ అనుకున్న మాట చాలాసార్లు భ్రమే అవుతుంది. మానసిక జబ్బు పేరు ఒకసారి ఫైలు మీద పడ్డాక, తర్వాత వచ్చే ప్రతి నొప్పీ దాని ఖాతాలోకే పోతుంది. అది ఒక డాక్టర్ తప్పు కంటే పెద్దది, అలాగే రాయి. ముందుగా వెతికే పరీక్షల సంగతీ అంతే. 2020లో 47 లక్షలకు పైగా మంది వివరాలు కలిపి చూస్తే, మానసిక జబ్బు ఉన్నవాళ్లు మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) లాంటి క్యాన్సర్ పరీక్షలకు వెళ్లడం తక్కువని, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో మరీ తక్కువని తేలింది. అక్షరాలు అచ్చేసిన ఒక పిలుపు ఉత్తరం, ఎవరూ తోడు రాని ఒక ఉదయం, బట్టలు విప్పమనే ఒక అపరిచితుడు. అనుమానాలతో బతికే మనిషికి ఇది ఎంత టెన్షనో ఆలోచించు.

పొగ గురించి రాసిన చోట నీ గొంతు మారింది, గమనించావా? మందలిస్తున్నావు. చాలా దేశాల లెక్కల్లో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో సగానికి పైగా పొగ తాగుతారు. ఒకప్పుడు వార్డుల్లో బుద్ధిగా ఉంటే సిగరెట్టు బహుమతిగా ఇచ్చేవారు. అది చెప్పకుండా మందలించే హక్కు మనకు లేదు. మానెయ్యమంటే మనసు ఇంకా చెదురుతుందని డాక్టర్లే వెనకాడేవారు. 2016లో ఎనిమిది వేల మందికి పైగా మీద జరిపిన ట్రయల్‌లో సగం మంది మానసిక సమస్యలున్నవాళ్లే. పొగ మాన్పించే మందులు వారెనిక్లిన్, బుప్రోపియాన్ వాళ్లలో మనోవ్యాధి లక్షణాలను చెప్పుకోదగ్గంతగా పెంచలేదని అందులో తేలింది.

నువ్వు అసలే ముట్టుకోని విషయం ఒకటుంది. సిగరెట్టు పొగ లివర్‌లో ఒక ఎంజైమును రెచ్చగొడుతుంది. స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ అనే మందులను అదే ఎంజైము కరిగిస్తుంది. కాబట్టి పొగ తాగేవాడికి డోసు ఎక్కువ పడుతుంది, ఒక్కసారిగా మానేస్తే అదే డోసు రక్తంలో పెరిగి విషమయ్యే ప్రమాదం ఉంది. ఇది చేసేది నికోటిన్ కాదు, పొగ. నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా డోసు చూసుకోవాల్సిందే. "ఇవాళే మానెయ్యండి" అని రాసే ముందు "మీ డాక్టర్‌కి చెప్పి" అన్న మూడు మాటలు చేర్చు.

మందుల పేరాలో మాత్రం నీ చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది. "రొమ్ము క్యాన్సర్ తెచ్చే మందులు" అని ఉపశీర్షిక పెట్టావు. నీ ఆధారం 2021 నాటి ఫిన్లాండ్ అధ్యయనం. స్కిజోఫ్రీనియా మందుల్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచే రకం ఐదేళ్లు, అంతకు మించి వాడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ అవకాశం 56 శాతం ఎక్కువని అందులో ఉంది, నిజమే. ప్రొలాక్టిన్‌ను పెంచని మందులతో అలాంటి సంబంధం కనిపించలేదని కూడా అందులోనే ఉంది, అది నువ్వు వదిలేశావు. ఇక 56 శాతం అంటే చదివేవాళ్లు వందలో యాభై ఆరుగురికి వస్తుందనుకుంటారు. వందలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వస్తే అదీ 50 శాతం పెరగడమే. దేని మీద ఎంత అన్నది చెప్పకుండా శాతం ఎప్పుడూ వాడకు. నీ ఉపశీర్షిక చదివి ఒక తల్లి తన కూతురి మాత్రలు దాచేస్తే ఏమవుతుంది? అదే ఫిన్లాండ్‌లో 20 ఏళ్లపాటు గమనిస్తే, మందులు వాడని కాలంలోనే మరణాలు ఎక్కువ. ఆ తల్లి చెయ్యగలిగింది వేరే ఉంది: ప్రొలాక్టిన్ పరీక్ష చేయించమనడం, మందు మార్చే వీలుందా అని అడగడం, వయసు వచ్చాక మామోగ్రామ్ తప్పించకపోవడం. ఉపశీర్షిక తీసి ఇది రాయి.

క్లోజపిన్ వాడుతూ కీమో తీసుకునేవాళ్ల గురించి నువ్వు రాసిన నాలుగు లైన్లు చాలా సున్నితమైనవి. రెండూ తెల్ల రక్తకణాలను తగ్గించగలవు, క్లోజపిన్ మానేస్తే మనసు తిరగబడొచ్చు. ఆ భాగాన్ని ఒక సైకియాట్రిస్ట్‌కీ ఒక క్యాన్సర్ డాక్టర్‌కీ విడివిడిగా చూపించు. ఇద్దరూ ఒకే మాట చెప్పకపోతే ఎక్కడ తేడా వచ్చిందో రాసి పంపు. వ్యాసం పొడవు గురించి అడిగావు, దాని గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.