చీమకుర్తిలో సూపర్‌వైజరుగా చేరిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో షిఫ్టు సూపర్‌వైజరుగా చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇయర్ ప్లగ్గులు, హెల్మెట్లు పంచి, రిజిస్టరులో సంతకాలు తీసుకుంటే భద్రత పని పూర్తయినట్టేనని నీకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ప్రమాదాన్ని అది పుట్టేచోటే తగ్గించాలి. తగ్గించగా మిగిలినదానికే ఆ ప్లగ్గులు.

మోతతో మొదలుపెట్టు. చేతికందే దూరంలో ఉన్న మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, అక్కడ శబ్దం 85 డెసిబెల్స్ దాటి ఉంటుందని అనుకోవచ్చు. ఫ్యాక్టరీల నిబంధనలు 90 డెసిబెల్స్ మోతలో 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలు పనిచేయనిస్తాయి. నన్నడిగితే 90 మరీ ఉదారమైన హద్దు, నువ్వు 85 దగ్గరే మేలుకోవాలి. ఒకే స్థాయిలో మోగే రెండు కట్టర్లలో ఒకదాన్ని ఆపినా తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే కనుక, ముందుగా షెడ్డులో అన్నిటికన్నా ఎక్కువ అరిచే యంత్రాన్ని పట్టుకో. బ్లేడు అరిగిందా, బేరింగు వదులైందా చూడు. మధ్యలో పొర పెట్టి తయారుచేసే సైలెంట్ బ్లేడ్లు దొరుకుతాయి. ధర ఎక్కువని ఓనరు గునుస్తాడు, అయినా అడుగు. అంచు గ్రైండింగ్ చేసేటప్పుడు స్లాబును, అంటే కోసిన గ్రానైట్ పలకను, నేరుగా ఇనుప స్టాండు మీద పెడితే మొత్తం గంటలా మోగుతుంది, కింద మందపాటి రబ్బరు పట్టీలు వేయించు. కంప్రెసరును గోడ అవతలికి మార్పించు.

చెవుడు ఒక్కరోజులో రాదు. ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ ప్రాంతంలోని సన్నని ధ్వనులు, అందువల్ల మాట వినబడుతూనే ఉంటుంది గానీ స, త వంటి అక్షరాలు తేలవు. అలాంటివాడు క్రేన్ కింద ఉన్నప్పుడు వేసిన కేక అందకపోతే ఏమవుతుందో ఆలోచించు.

మోత కన్నా నన్ను భయపెట్టేది నిలబెట్టిన స్లాబు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క స్లాబే 300 కిలోలు దాటుతుంది, అది వాలడం మొదలైతే ఎంత బలవంతుడైనా ఆపలేడు. పడుతున్నదాన్ని పట్టుకోవడానికి ఎవరూ చెయ్యి చాచరాదని ప్రతి షిఫ్టు మొదట్లో చెప్పు. స్లాబులను రెండు పక్కలా ఆనించి నిలబెట్టే ఏ-ఫ్రేమ్ స్టాండుకు ఒక పక్క స్లాబులన్నీ తీసేసి రెండో పక్క నిండుగా వదిలేస్తే ఫ్రేమే తిరగబడుతుంది కాబట్టి రెండు వైపులా మార్చి మార్చి దింపించు. రెండు స్లాబుల నడుమ సందులోకి దూరి క్లాంపు సరిచేసే అలవాటు మన మేస్త్రీలకు ఉంది. దాన్ని మాటతో మాన్పించలేవు, బయటి నుంచే బిగించగల క్లాంపు తెప్పించు.

తడి నేల మీద నడిచే చేతి గ్రైండర్లన్నిటికీ కరెంటు లీకేజీ 30 మిల్లీయాంపియర్లకు చేరితే ట్రిప్ అయ్యే బ్రేకరు ఉండాలి. దాని టెస్టు బటన్‌ను నువ్వే నొక్కి చూడు. గ్రైండర్ల అదురు వల్ల చలిదేశాల్లో వేళ్లు తెల్లబడతాయి, మన ఎండలకు అది కనబడకపోవచ్చు కనుక రాత్రిళ్లు తిమ్మిర్లు వస్తున్నాయా అని అడుగు. మే నెలలో యార్డులోకి వచ్చే కొత్త మనిషికి మొదటిరోజే పూర్తి పని చెప్పవద్దు, వారం పది రోజుల్లో పెంచుకుంటూ పో. ఎండలో ఎవడైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి తగిలేలా చూస్తూ, 108కి ఫోను చేయించు.

ఈ నెలలోనే నీ షిఫ్టువాళ్లందరికీ వినికిడి పరీక్ష చేయించు, డ్యూటీ దిగిన వెంటనే కాకుండా కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉన్నాక. ఆ కాగితాల నకళ్లు వాళ్ల చేతికే ఇవ్వు.

ఇట్లు,
మీ మావయ్య