మోటార్ సైకిల్‌కు సొంతంగా కట్టించిన ట్రాలీ తగిలించవచ్చా?

ప్రశ్న: నాకు ఎకరం కూరగాయల తోట ఉంది. రోజూ తెల్లవారుజామున నాలుగు కిలోమీటర్ల దూరంలోని రైతు బజారుకు సరుకు చేర్చాలి. ఆటో కిరాయి గిట్టుబాటు కావడం లేదు. పాత మోపెడ్ చక్రాలు రెండు వేసి ఇనుప ట్రాలీ కట్టి, నా మోటార్ సైకిల్‌కు కొక్కెం వెల్డింగ్ చేసిపెడతానని మా ఊరి వెల్డింగ్ షాపు అతను అంటున్నాడు. ఇంజిన్ లేని బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదనేది అతని వాదన. అది నిజమేనా? – ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: నిజం కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(28) మోటారు వాహనం అనే మాటలో ట్రైలర్‌ను కూడా చేర్చింది. మోటారు వాహనం లాగే, లేదా లాగడానికి ఉద్దేశించిన ఏ బండైనా, సైడ్‌కార్, సెమీ ట్రైలర్ మినహా, ట్రైలరేనని సెక్షన్ 2(46) చెబుతోంది. అంటే చేత్తో తోసినంతసేపు తోపుడు బండిగా ఉన్నది, మోటార్ సైకిల్‌కు తగిలించిన క్షణం నుంచి చట్టం దృష్టిలో మోటారు వాహనమవుతుంది.

కాబట్టి సెక్షన్ 39 ప్రకారం దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఆమోదం పొందిన నమూనా అని చూపే పత్రాలు లేకుండా, వెల్డింగ్ షాపు రసీదు మీద రవాణా కార్యాలయంలో ఏ అధికారీ నంబరు ఇవ్వరు. రిజిస్ట్రేషన్ లేని బండిని నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 రూపాయలకు తగ్గకుండా 5,000 దాకా జరిమానా పడుతుంది. సెక్షన్ 207 కింద బండిని స్వాధీనం చేసుకోవచ్చు. కొక్కెం సంగతి వేరే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని సెక్షన్ 52 నిషేధిస్తోంది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

‘ఊళ్లో ఒకరిద్దరు నడుపుతున్నారు, ఎవరూ ఆపలేదు’ అని మీకు ఎవరైనా చెబితే, అది పోలీసుల అలసత్వానికి సాక్ష్యమే తప్ప అనుమతి కాదు. నీటి పంపు ఇంజిన్ బిగించి ఉత్తరాది గ్రామాల్లో నడిపే ‘జుగాడ్’ బండి కూడా మోటారు వాహనమేనని, రిజిస్ట్రేషన్, బీమా లేకుండా అది రోడ్డెక్కడానికి వీల్లేదని రాజస్థాన్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. ఆ బండికి ఇంజిన్ ఉంది, మీ ట్రాలీకి లేదు. కానీ ట్రైలర్‌ను చట్టమే పేరు పెట్టి చేర్చింది కాబట్టి ఆ తేడా మీకు ఉపయోగపడదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది జరిమానా కాదు, బీమా. మీ పాలసీ మోటార్ సైకిల్‌కు ఇచ్చినది. తెల్లవారుజాము చీకట్లో, వెనక లైటు లేని ట్రాలీ ఎవరినైనా తగిలి గాయపరిస్తే, ట్రాక్టర్ కేసుల్లో ట్రైలర్‌కు విడిగా ప్రీమియం కట్టారా అని అడిగే బీమా సంస్థ, మీ కేసులో ఇంకెంత గట్టిగా అడుగుతుందో ఊహించండి. సంస్థ తప్పుకుంటే, లేదా బాధితుడికి చెల్లించి ఆ సొమ్ము మీ నుంచి రాబట్టుకొమ్మని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చెబితే, ఆ భారం చివరికి మీ ఎకరం మీదనే పడుతుంది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద, నిర్లక్ష్యం రుజువైతే, అయిదేళ్ల దాకా శిక్ష పడే క్రిమినల్ కేసు దీనికి అదనం.

సరుకు కొద్దిగానే ఉంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2020లో చేసిన సవరణ మీకు పనికి రావచ్చు: 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు మించని తేలికపాటి పెట్టెను ద్విచక్ర వాహనానికి అమర్చుకోవచ్చు, అది వెనక సీటు స్థానంలో ఉంటే మాత్రం రెండో మనిషిని ఎక్కించుకోకూడదు. అంతకు మించిన బరువుకు ఇరుగు పొరుగు రైతులతో కలిసి రిజిస్ట్రేషన్, బీమా ఉన్న సరుకు ఆటోను నెలవారీగా మాట్లాడుకోవడం మేలు. వెల్డింగ్ షాపుకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, కొక్కెం మానిపించి, తోట నుంచి రోడ్డు దాకా చేత్తో తోసుకునే బండిని కట్టించుకోండి.