జబ్బు తగ్గినా మా పిల్లి బరువు పెరగడం లేదు

ప్రశ్న: మా పిల్లికి నాలుగేళ్లు. నెల కిందట తుమ్ములు, జ్వరం, కళ్ల వెంట నీరు కారడంతో బాగా నీరసించిపోయి, మందులతో కోలుకుంది. అయితే 4 కిలోలుండేది కాస్తా 3 కిలోలకు దిగింది. తిండి దగ్గర దానికి మొదటినుంచీ గారాలు ఎక్కువే. పెరుగన్నం, చేపల పులుసు కలిపిన అన్నం తప్ప ముట్టేది కాదు. ఇప్పుడు అవి కూడా ఒకటి రెండు ముద్దలు తిని వదిలేస్తోంది. బలానికి ఇచ్చిన మాత్రను అన్నంలోనే కలుపుతున్నాం. ఆకలేస్తే అదే తింటుంది, ఒకటి రెండు రోజులు పస్తుంచమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పస్తు మాత్రం ఉంచకండి. పిల్లి కొన్ని రోజులు సరిగా తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును ఒక్కసారిగా వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేనందువల్ల అది అక్కడే పేరుకుపోయి, కాలేయం దెబ్బతిని, ఉన్న కాస్త ఆకలి కూడా చచ్చిపోతుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, చిగుళ్లు గాని చెవి లోపలి చర్మం గాని పచ్చబడినా ఆ రోజే పశువైద్యునికి చూపించాలి.

మీ పిల్లి తినకపోవడం పూర్తిగా గారమే కాకపోవచ్చు. పిల్లికి ఆకలి పుట్టించేది రుచికన్నా వాసన. మీరు చెప్పినటువంటి జలుబు జబ్బు తగ్గాక కూడా ముక్కు దిబ్బడ చాలాకాలం మిగిలిపోవచ్చు, నోట్లో పుండ్లు కూడా ఉండవచ్చు. చొంగ కారుస్తున్నా, తల ఒక పక్కకు వంచి నములుతున్నా నోరు పరీక్ష చేయించండి. గోరువెచ్చని నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో ముక్కు తుడిచి, తిండిని కూడా గోరువెచ్చగా చేసి పెడితే వాసన బాగా తెలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసినది అలాగే పెట్టకండి.

మాత్రను అన్నంలో కలపడం ఈ రోజే మానండి. ఒకసారి చేదు తగిలిన తిండిని పిల్లి ఆ తర్వాత మందు లేకుండా పెట్టినా అనుమానిస్తుంది. మాత్రను విడిగా వేసి, అది గొంతులో అంటుకోకుండా సిరంజితో కొద్దిగా నీరు పట్టండి.

ఇక పెట్టవలసిన తిండి. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి కాబట్టి అన్నం కడుపు నింపుతుందే తప్ప కోల్పోయిన కండను తిరిగి తెచ్చిపెట్టదు. పులుసులోని ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. జబ్బుపడి లేచిన ప్రాణికి అవి అసలే పనికిరావు. కళ్లు మూసుకొని పాలు తాగే పిల్లి మన సామెతలో ఉన్నదే గాని, పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగక విరేచనాలవుతాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసాన్ని, లేదా ముళ్లు తీసిన చేపను చిదిమి, ఉడికిన నీటితో సహా పెట్టండి. పిల్లి గుండెకు, కంటిచూపుకు అవసరమైన టారిన్ అనే పోషకం ఉడికేటప్పుడు కొంత ఆ నీటిలోకి దిగుతుంది కనుక దాన్ని పారబోయకూడదు.

3 కిలోల పిల్లికి కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 160 కేలరీలు కావాలి. ఉడికిన కోడి మాంసం 100 గ్రాములు దాదాపు ఆ మాత్రమే ఇస్తుంది, బరువు పెరగాలంటే అంతకన్నా ఎక్కువే పడాలి. అయితే మాంసం ఒక్కటే వారాల తరబడి పెడితే కాల్షియం చాలదు. అందుచేత పిల్లికూనల కోసం తయారుచేసే తడి ఆహారాన్ని మొదట చెంచాడు కలిపి, నెమ్మదిగా పెంచుతూ పోండి. కూనల ఆహారమే ఎందుకంటే, తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తినిస్తుంది. ఇన్నాళ్లూ అరకొరగా తిన్న కడుపు కనుక ఒకేసారి కుమ్మరించకుండా రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా, మలవిసర్జన ట్రేకు దూరంగా, వెడల్పాటి పళ్లెంలో పెట్టండి. అరగంటలో తినకపోతే తీసేయండి. నోట్లో కుక్కితే మాత్రం తిండి మీదే విరక్తి పుడుతుంది.

వారానికొకసారి బుట్టలో కూర్చోబెట్టి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి రాసుకోండి. 50 గ్రాములు పెరిగినా దారిలో పడినట్లే. బాగా తింటున్నా రెండు మూడు వారాల్లో బరువు కదలకపోతే పేగుల్లో పురుగుల కోసం మలపరీక్ష, వాటితోపాటు రక్తపరీక్ష చేయించండి. ఆకలి పెంచే మందులున్నాయి గాని అవి డాక్టరు చూసి ఇవ్వవలసినవి. మళ్లీ జ్వరం వస్తే ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేయకండి, ఆ మాత్ర ఒక్కటైనా పిల్లి ప్రాణం తీయగలదు.