తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీష్ లిటరేచర్ ఆనర్స్ చెయ్యొచ్చా?

చెల్లీ, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ అని రాశావు. ఇంగ్లీష్ లిటరేచర్ ఆనర్స్, అంటే ఆ ఒక్క సబ్జెక్టునే లోతుగా చదివే డిగ్రీ, చేస్తానంటే ఇంట్లో "దానికి మూడేళ్లెందుకు, స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌కు పంపిస్తాం" అంటున్నారన్నావు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే మాట. మాది నర్సంపేట దగ్గర పల్లె. హనుమకొండలో ఇంటర్ చదివి, ఆనర్స్‌కు హైదరాబాద్ వెళ్లాను. మొదటి సెలవులకు ఇంటికి వస్తే, బాపు పంట రుణం కాగితం చేతిలో పెట్టి "ఏం రాసిండ్రో సదువు బిడ్డా" అన్నాడు. సగం అర్థం కాలేదు. పక్కింటి పెద్దమ్మ "ఫీజు దండుగ" అని అక్కడికక్కడే తేల్చేసింది.

పెద్దమ్మను అనడానికేమీ లేదు. ఈ కోర్సు ఇంగ్లీష్ నేర్పుతుందని నేనూ అనుకునే చేరాను. అది నేర్పదు. నీకు భాష వచ్చనుకునే మొదలుపెడుతుంది. నేర్పేది చదవడం: ఒక పేజీ దగ్గర గంటసేపు కూర్చుని, ఈ మాట ఇక్కడే ఎందుకు పడింది అని అడగడం.

మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఒక కవిత ఇచ్చారు. నేను గైడ్‌లో ఉన్న సారాంశం బట్టీ పట్టి రెండు పేజీలు నింపాను. 20కి 4 వచ్చాయి. "ఇందులో నువ్వు ఎక్కడున్నావ్?" అని మేడమ్ అడిగితే నోరు పెగల్లేదు. ఇంటర్ దాకా మనల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు కదా! గ్రామర్, ఉచ్చారణ గురించి టెన్షన్ పడ్డాను గానీ అవి ఏడాదిలో సర్దుకున్నాయి. సొంత మాట రాయడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

తెలుగు మీడియం అడ్డమనుకుంటున్నావు కదా, నాకైతే అదే ఆదుకుంది. ఛందస్సు క్లాసులో అయాంబిక్ పెంటామీటర్ అనే ఇంగ్లీష్ ఛందస్సు పేరు చెప్పగానే కాన్వెంట్ పిల్లలు కూడా బిక్కమొహం వేశారు. తేలిక అక్షరం, వెంటనే బరువు అక్షరం, ఇలాంటి జతలు పాదానికి ఐదు. నాకు వెంటనే మన 'వ' గణం గుర్తొచ్చింది: లఘువు, గురువు. మనం పలకడానికి పట్టే కాలాన్ని బట్టి లెక్కపెడతాం, వాళ్లు ఊనికను బట్టి లెక్కపెడతారు. తేడా అంతే. పోతన పద్యానికి గురులఘువులు గుర్తించిన చెయ్యి షేక్స్‌పియర్ సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) దగ్గర వణకదు. పాత ఇంగ్లీష్ కవి చాసర్ కూడా అంతే. 14వ శతాబ్దపు ఇంగ్లీష్ చూసి అందరూ భయపడతారు, కానీ అంతకంటే 300 ఏళ్లు ముందటి నన్నయకు ప్రతిపదార్థం రాసినవాళ్లం మనం.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు లెబనాన్‌లో పుట్టిన కవి ఖలీల్ జిబ్రాన్ 1923లో ఇంగ్లీష్‌లో రాసిన 'ది ప్రాఫెట్', దానికి మన కాళోజీ చేసిన తెలుగు 'జీవన గీత' పక్కపక్కన పెట్టుకుని చదివాను. సెలవుల్లో హనుమకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో కూర్చుని రాసుకునేదాన్ని. 1904 నాటి గ్రంథాలయం అది. నాలుగేళ్ల చదువులో నాకు బాగా గుర్తున్న రోజులంటే అవే... కాదు కాదు, నాది మూడేళ్లే. నాలుగేళ్లది ఇప్పటి పద్ధతి.

ఆ సంగతీ చెప్తాను. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022లో ఇచ్చిన విధానం ప్రకారం మూడేళ్లు, 120 క్రెడిట్లయితే (చదివిన కోర్సులకు వేసే లెక్క) మామూలు డిగ్రీ. నాలుగో ఏడాది కూడా చదివి 160 పూర్తి చేస్తే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది రీసెర్చ్ తీసుకోవచ్చు, దానికి 12 క్రెడిట్ల డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం, ఉంటుంది. కాబట్టి బోర్డు మీద 'ఆనర్స్' అని చూసి చేరిపోకు, ఎన్నేళ్లదో అడుగు. కాకతీయ యూనివర్సిటీ కింది కాలేజీలకు దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్) ఆప్షన్లు పెట్టేటప్పుడు, లిటరేచర్ మెయిన్ సబ్జెక్టా లేక అందరికీ ఉండే జనరల్ ఇంగ్లీషేనా చూసుకో. మా ఫ్రెండ్ ఒకమ్మాయి ఇది చూసుకోక ఏడాది పోగొట్టుకుంది. ఢిల్లీ యూనివర్సిటీ మీద మనసుంటే సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఉద్యోగం గురించి ఇంట్లో అబద్ధం చెప్పకు. ఈ డిగ్రీ ఒక్కదానితో పెద్దగా ఏమీ రాదు. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ కావాలంటే బీఈడీ, జూనియర్ కాలేజీ లెక్చరర్ కావాలంటే ఎంఏ, డిగ్రీ కాలేజీకైతే ఆపైన నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష. నేను ఎంఏ చేసి ఇప్పుడు జూనియర్ కాలేజీలో చెబుతున్నాను, అనువాదాలు కూడా చేస్తాను. బీటెక్ చేసిన మా తమ్ముడి జీతం మాత్రం నేను అడగను.

అప్లికేషన్ పెట్టేముందు ఒక పని చెయ్యి. ఏదైనా చిన్న ఇంగ్లీష్ కవిత తీసుకో. ఫోన్ పక్కన పెట్టి మూడుసార్లు చదువు. నీకు ఏమనిపించిందో పది లైన్లు రాయి, తప్పులున్నా ఫర్వాలేదు, మధ్యలో తెలుగు వచ్చినా ఫర్వాలేదు. విసుగొచ్చిందా, ఇంకాస్త రాయాలనిపించిందా చూసుకో. రాసింది ఈ పోస్టు కింద పెట్టు, ఆదివారం తీరిగ్గా చదివి చెప్తాను.